గాడిదల చందిలి పలకరాయి

అనగనగనగనగా... ఎన్ని అనగాలు పెట్టినా సరిపోనంత వెనకటి మాట. అప్పటికి మన తాత లేడు, తాతకి తాత లేడు, ఆ తాతను ఒళ్ళో కూచోబెట్టుకుని ఈ కథ చెప్పిన అవ్వ కూడా లేదు. ఏరు మాత్రం ఉంది. ఏటి పక్కన ఉలిగుట్ట ఉంది. ఉలిగుట్ట కింద మూడు గాడిదలు, వాటి వెనక ఒక మనిషి ఉన్నాడు.

మనిషి పేరు చందిలి. గాడిదల పేర్లు ఆశగాడు, కోపిగాడు, మబ్బుగాడు.

ఆ పేర్లు ముహూర్తం చూసి పెట్టినవి కావు. ఎవరి పేరు వాళ్ళే సంపాదించుకున్నారు. ఆశగాడికి తన ముందున్న గడ్డి చేదు, పక్కచేలో గడ్డి తీపి. కోపిగాడు వెనకనుంచి ఎవరొచ్చినా తన్నేవాడు. ఎవరూ రాకపోతే, ఎందుకు రాలేదని తన్నేవాడు. మబ్బుగాడు పాపం ఏమీ చేసేవాడు కాదు. నడిదారిలో నిలబడి, ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో మరిచిపోయి, చెవులు వేలాడేసుకుని గాలిలోకి చూసేవాడు.

"నాలుగోది నువ్వు" అనేది చందిలి పెళ్ళాం సామక్క.

గుట్ట పైన ఆ రోజుల్లో బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్ళకో విహారం. విహారం ముందు పెద్ద స్తూపం కడుతున్నారు, బోర్లించిన కుండలాగా, గుండ్రంగా. ఆ కుండలో మన ఊరు ఊరంతా పట్టేటంత. పెద్ద పెద్ద పలకరాళ్ళు ఎడ్లు లాగేవి. ఇటుకలు, ఇసుక, సున్నం చందిలి గాడిదలు మోసేవి. గుట్ట ఎక్కే దారికి మూడు మలుపులు. రోజూ ఒకటే వరస. మొదటి మలుపు దగ్గర ఆశగాడు ఆగేవాడు, గడ్డి కోసం. రెండో మలుపు దగ్గర కోపిగాడు తన్నేవాడు, ఊరికే. మూడో మలుపు దగ్గర మబ్బుగాడు నిలబడిపోయేవాడు, ఎందుకో వాడికే తెలీదు.

స్తూపం దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు పలక ఇస్తే వాళ్ళ పేరు ఆ పలక మీద చెక్కేవారు. శిల్పి పేరు ఎరపోతు. చెక్కడం అయ్యాక పైకి చదివి అందరికీ వినిపించేవాడు. "ఇది నేతగాడు బూదన ఇచ్చిన పలక." "ఇది పూలమ్మే ముగిలమ్మ, తన కూతురితో కలిసి ఇచ్చిన పలక." "ఇది చెప్పులు కుట్టే సంకడు ఇచ్చిన పలక." రాజు పేరైనా, చెప్పులు కుట్టేవాడి పేరైనా ఉలికి ఒకటే. ఒకటే లోతు, ఒకటే అక్షరం.

ఇటుకలు దించి తల తుడుచుకుంటూ చందిలి అవన్నీ వినేవాడు. విని విని ఒకరోజు గుండెలో ఏదో పొడుచుకుంది.

ఆ సాయంత్రం పెళ్ళాన్ని అడిగాడు. "ఏమే, నేను పోయాక నా పేరెవరు తలుస్తారే?"

"బతికుండగా తలిచేదే నేనొక్కదాన్ని. అదీ తిట్టడానికి."

"అదికాదే. మనకా పిల్లల్లేరు. ఈ గుట్ట మీద ప్రతి ఇటుకా మన గాడిద వీపు మీదనుంచే పోయింది. ఇన్ని రాళ్ళల్లో ఒక్క రాయి మీద, ఒక్క మూల, చిన్నగా, 'చందిలి' అని ఉంటే ఏం పోతుంది?"

సామక్క సంకటి కెలుకుతూనే అంది. "పోవడానికేముందయ్యా. అడుగు. నోరు పెట్టుకుని నన్నడిగితే నేను చెక్కగలనా?"

మర్నాడు చందిలి ఎరపోతు దగ్గరికెళ్ళి అడిగాడు. ఎరపోతు నోట్లో తమలపాకు నములుతూ స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారం వంక చూపించాడు.

"అదిగో, ఆ సందు చూశావా? ఇంకొక్క పలకకే చోటుంది. ఆషాఢ పున్నమి నాటికి నువ్వు పలక తెచ్చావా, నీ పేరు చెక్కుతా. తేలేదా, ఇటుక పెట్టి పూడ్చేస్తా. ఆ మర్నాటినుంచి వానాకాలపు వాసం. మూడు నెలలు భిక్షువులు కదలరు, నా ఉలీ కదలదు. ఆ తర్వాత నేను ఇంకో ఊరు పోతా."

"నా దగ్గర పలకెక్కడిదన్నా?"

"ఏటి ఒడ్డున రాతిగని దగ్గర ఒకటి పడుంది. మూల విరిగిందని ఎవరూ తీసుకోలేదు. అడిగితే ఊరికే ఇస్తారు. మోసుకురావడమే నీ దానం. మోసేవాడివి నీకు చెప్పాలా?"

చందిలికి ఆ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు. గనివాళ్ళని అడిగాడు. "తీసుకుపో, దాన్ని తన్నుకుని మా బొటనవేళ్ళు పోతున్నాయి" అన్నారు వాళ్ళు. రెండున్నర మూరల పొడవు, మూరెడు వెడల్పు, నాలుగువేళ్ళ మందం. తెల్లగా, నున్నగా, మూల ఒక్కటే విరిగి. కానీ ఇటుకల పని ముగిసేదాకా గాడిదలకు తీరిక లేదు. పున్నమి రోజే తీరిక. సరే, పున్నమి రోజే తెస్తానన్నాడు.

అదిగో, పున్నమికి ఇంకా నెలుంది. ఈ నెలలో ఒక ముసలాయన చందిలికి తోడు దొరికాడు.

ఆయన పేరు సాగలుడు. పెద్ద భిక్షువు. అందరూ భంతే అని పిలిచేవారు. పళ్ళు మూడే మిగిలాయి, నవ్వు మాత్రం ముప్పైరెండు పళ్ళది. పొద్దున్నే గుట్ట దిగి ఇంటింటికీ భిక్షకు వెళ్ళేవాడు. పాత్రలో ఏది పడితే అది, ఎంత పడితే అంత. మధ్యాహ్నం దాటితే తినకూడదు గనక ఎండ నెత్తికెక్కేలోపు పైకి చేరాలి. కాళ్ళు సహకరించవు. అందుకని మబ్బుగాడి వీపు మీద చెయ్యేసి, గాడిదలతోబాటే ఎక్కేవాడు. ఎక్కి కూచోమంటే ఒప్పుకునేవాడు కాదు. "దాని బరువు దానికి చాలదా" అనేవాడు.

మొదటిరోజు ఎక్కారు. మొదటి మలుపు దగ్గర ఆశగాడు ఆగాడు, గడ్డి కోసం. రెండో మలుపు దగ్గర కోపిగాడు తన్నాడు, ఊరికే. మూడో మలుపు దగ్గర మబ్బుగాడు నిలబడిపోయాడు. ముగ్గురు మనుషులంత ఓపిక ఖర్చయ్యాక చందిలి రాతి మీద కూలబడి అడిగాడు.

"భంతే, మీ బుద్ధుడు వరాలిస్తాడా?"

"ఇవ్వడు."

"పోనీ శాపాలు?"

"అవీ ఇవ్వడు. ఆయన దేవుణ్ణని ఎప్పుడూ అనలేదు నాయనా. రాజుగారి కొడుకు. ముసలివాణ్ణి చూశాడు, రోగిని చూశాడు, శవాన్ని చూశాడు. ఇంత ఏడుపు ఎందుకని వెతుక్కుంటూ ఇల్లు వదిలి పోయాడు. ఒంటిని ఎండగట్టి చూశాడు, లాభం లేదు. అంతకుముందు భోగాల్లో మునిగి చూశాడు, అదీ లాభం లేదు. ఆఖరికి రావిచెట్టు కింద నిదానంగా కూచుని మేలుకున్నాడు. బుద్ధుడంటే మేలుకున్నవాడు. నేను నడిచిన దారి ఇది, మీరూ నడిచి చూడండి, నా మాట గుడ్డిగా నమ్మొద్దు అన్నాడు. ఆయన చెప్పినవి నాలుగే మాటలు."

"నాలుగేనా? మా ఆవిడ మొహం కడుక్కునేలోపు నలభై చెబుతుంది."

"మొదటి మాట విను. బరువుంది. పుట్టడం బరువు. ముసలితనం బరువు. రోగం బరువు. ఇష్టమైంది పోతే బరువు, ఇష్టంలేనిది మెడకు తగులుకుంటే బరువు. దీన్నే దుఃఖం అన్నాడాయన."

చందిలి పకపకా నవ్వాడు. "ఇది తెలుసుకోడానికి రాజ్యం వదలాలా భంతే? నా గాడిదనడిగినా చెప్పేది."

సాగలుడు అతనికంటే పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక అన్నాడు. "గాడిద చెబుతుంది. మనిషే ఒప్పుకోడు. నీ వీపు మీద ఏముందో నువ్వు చెప్పు చూద్దాం."

చందిలి చెప్పబోయాడు. నోరు తెరిచాడు. పలక గుర్తుకొచ్చింది.

రెండోసారి సంగతి వినండి. చందిలికి ఒక పని పద్ధతి ఉంది. ఒక గాడిద మెడలో గంట కడతాడు. గంట కట్టినవాడు ముందు నడుస్తాడు. మిగతావి ఆ గంట చప్పుడు వెనకే పోతాయి. గాడిదలు తోలేవాళ్ళందరూ అంతే చేస్తారు. కానీ నిదానంగా నడిచే ముసలి గాడిదకు కడతారు. మన చందిలేమో అందరికంటే హుషారుగా నడుస్తాడు కదా అని ఆశగాడి మెడలో కట్టాడు. హుషారెందుకో ఆలోచించలేదు.

ఆ రోజు ఏటి ఇసుకలో దోసకాయల వాసన వచ్చింది. ఆశగాడు దారి వదిలేశాడు. గంట గణగణమంటూ దోసపాదుల్లోకి పోయింది. గంట పోయిందని కోపిగాడు పోయాడు. కోపిగాడు పోయాడని మబ్బుగాడు పోయాడు. ముగ్గురూ ఇటుక బుట్టలతో సహా పాదుల మధ్య దొర్లారు.

తోట మనిషి చేటతో పరిగెత్తుకొచ్చింది. "నీ గాడిదలు పాడుగాను! నీ గాడిదల్ని తోలిన గాడిద పాడుగాను! ఇవి దోసకాయలనుకున్నావా, మీ మామ పెట్టిన పెళ్ళివిందనుకున్నావా?"

చందిలి ఇటుకలేరాడు. పాదులు సర్దాడు. తిట్లు తిన్నాడు. తోటమనిషి తిట్టి తిట్టి అలిసిపోయి, చితికిపోయిన దోసకాయ ఒకటి ముసలాయన పాత్రలో వేసి పంపింది. గుట్ట మొదట్లో కూచుని సాగలుడు అడిగాడు.

"చందిలీ, గంట ఎవరి మెడలో ఉంది?"

"ఆశగాడి మెడలో."

"అదే రెండో మాట. బరువుకో కారణముంది. అది ఇంకా కావాలి, ఇంకా కావాలి అనే దప్పిక. తృష్ణ అంటారు దాన్ని. దప్పిక మెడలో గంట కడితే మనిషి దోసపాదుల్లోకే పోతాడు. నీ ముగ్గురూ నీ బయటే ఉన్నారనుకున్నావా? లోపల కూడా ముగ్గురున్నారు. లోభం, ద్వేషం, మోహం. సరిగ్గా ఇవే. ఒకడు లాక్కుంటాడు, ఒకడు తన్నుతాడు, ఒకడికి ఏదీ తెలీదు."

చందిలి వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "అయితే మొత్తం ఆరన్నమాట. మా ఆవిడ నాలుగే అంది. పాపం, దానికి లెక్కలు రావు."

ఆ రాత్రికి ఏం ఆలోచించాడో గాని, పొద్దున్నే గంట విప్పి తన మెడలోనే కట్టుకున్నాడు.

సామక్క వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "ఓరి నీ అవతారం! నాలుగోది నువ్వని నేను వేళాకోళానికన్నానయ్యా. నిజమనుకున్నావా ఏంది?"

"నేను ముందు నడుస్తా. అవి నా వెనక వస్తాయి."

"మేత కూడా కలిపి పెట్టనా?"

ఊరంతా నవ్వింది. చందిలి గణగణమంటూ నడిచాడు. మొదటి మలుపు దగ్గర ఆశగాడు ఆగాడు. గంట ఆగలేదు. వాడు గడ్డి వంక ఒకసారి, గంట వంక ఒకసారి చూసి, నిట్టూర్చి వెంట వచ్చాడు. రెండో మలుపు దగ్గర కోపిగాడు కాలెత్తాడు. గంట దూరమైపోతోంది. కాలు దించి వెంట వచ్చాడు. మూడో మలుపు దగ్గర మబ్బుగాడు నిలబడిపోయాడు. చందిలి తిట్టలేదు, కొట్టలేదు. వాడి చెవి దగ్గర మెల్లగా గంట కదిలించాడు. మబ్బుగాడు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడి అడుగేశాడు.

అది మూడోసారి. ఆ రోజు ఒక్క ఇటుక కింద పడలేదు.

"ఇప్పుడు మిగతా రెండు మాటలూ చెబుతాను" అన్నాడు సాగలుడు, ఆయాసం తీర్చుకుంటూ. "మూడో మాట, బరువు దించొచ్చు. దప్పిక ఆరితే ఏడుపు ఆరుతుంది. ఆ చల్లదనమే నిర్వాణం. నాలుగో మాట, దించడానికో దారుంది. ఆ దారికి ఎనిమిది అడుగులు. సరైన చూపు, సరైన ఆలోచన, సరైన మాట, సరైన పని, సరైన బతుకుతెరువు, సరైన ప్రయత్నం, సరైన ఎరుక, సరైన నిలకడ."

"ఎనిమిదా? వేళ్ళు పదున్నాయి భంతే. ఇంకో రెండు?"

"ఆ రెంటితో గాడిద చెవి నిమురు."

"మరి ఇన్ని అడుగుల్లో అసలు కిటుకేంటి?"

"గాడిద మీద ఎన్ని ఇటుకలు వేస్తావు?"

"ఎక్కువేస్తే చతికిలబడుతుంది. తక్కువేస్తే తుళ్ళుతుంది. మధ్యస్తంగా వెయ్యాలి."

"కిటుకు నీకే తెలుసు. ఆయన కూడా మధ్యేమార్గమన్నాడు."

చందిలికి గర్వమేసింది. కొంచెం భయం కూడా వేసింది. "చంపొద్దు, దొంగిలించొద్దు, పరాయి ఆడదాని జోలికి పోవద్దు, అబద్ధమాడొద్దు, కల్లు తాగొద్దు అని ఐదు చెబుతారట కదా. నాలుగు నావల్ల అయ్యేలాగే ఉన్నాయి. ఐదోదానికి పండగలు అడ్డమొస్తున్నాయి. వచ్చే జన్మలో గాడిదగా పుడతానా భంతే?"

"ఇవాళ చేసిన పనే రేపటి వీపు మీద ఎక్కుతుంది. దాన్నే కర్మ అంటారు. గాడిదగా పుడితే పుట్టావు. నీలాంటి యజమాని దొరకాలని కోరుకో." ఆయన మెల్లగా అడిగాడు. "మరి ఆ పేరు బరువో?"

చందిలి తల గోక్కున్నాడు. "దించుతాను భంతే. పున్నమి నాడు. పలక మీదికి."

సాగలుడు మూడు పళ్ళతో నవ్వాడంతే.

పున్నమి వచ్చింది. పున్నమి కంటే ముందు వాన వచ్చింది. తెల్లారకముందే మొదలై పట్టు వదల్లేదు. అయినా చందిలి గనికి పోయాడు. గనివాళ్ళు సాయం పట్టి పలకని ఆశగాడి మీద ఎక్కించారు. చందిలి మెడలో గంట, నోట్లో పాట. ఎరపోతు పైన పందిరి కింద ఉలి నూరుకుంటూ కూచున్నాడు. ఆ గరగర కిందిదాకా వినిపిస్తోంది.

మొదటి మలుపు దాకా ఆశగాడు మోశాడు. అక్కడ గాడిద వీపెత్తు గట్టుకి ఆనించి, పలకని కోపిగాడి మీదికి జరిపాడు. రెండో మలుపు దాకా కోపిగాడు మోశాడు. అక్కడ మళ్ళీ గట్టు మీదనుంచి మబ్బుగాడి మీదికి జరిపాడు. మూడో మలుపు దాకా మబ్బుగాడు మోశాడు.

మూడో మలుపు దగ్గర ఎప్పట్లాగే మబ్బుగాడు నిలబడిపోయాడు. కానీ ఈసారి వాడి తప్పేమీ లేదు. అక్కడ దారి లేదు.

గుట్ట మీదినుంచి దిగిన నీళ్ళు దారిని కోసుకుపోయాయి. రెండు మూరల వెడల్పు గండి. కింద ఎర్రనీళ్ళు ఉరుకుతున్నాయి. గండికి ఇవతల భిక్షువులు, భిక్షుణులు పదీ పదిహేనుమంది తడిసి ముద్దై నిలబడి ఉన్నారు. ఏటి అవతలి ఊళ్ళనుంచి వానాకాలపు వాసానికి వచ్చినవాళ్ళు. వాళ్ళని రేవునుంచి తోడుకొస్తున్న సాగలుడు కూడా అక్కడే ఉన్నాడు. వానలకి మొలిచే పచ్చికా, పాకే పురుగూ తమ కాళ్ళ కింద నలగకూడదని, పున్నమి మర్నాటినుంచి మూడు నెలలు వాళ్ళు ఎక్కడికీ తిరగరు. పొద్దుగూకేలోపు ఏదో ఒక కప్పు కిందికి చేరాలి. వెనక్కి పోదామంటే ఏరు పొంగింది. ముందుకి పోదామంటే గండి. అందులో సగంమంది చేతికర్ర మనుషులు.

గాడిదలు దూకగలవు. చందిలి దూకగలడు. ముసలివాళ్ళు దూకలేరు.

నడుం వంగిన ఒక భిక్షుణి పక్కకి తప్పుకుని దారిచ్చింది. "నీకు పనున్నట్టుంది నాయనా. నువ్వు పో. వాన తగ్గితే మేం చూసుకుంటాం."

వాళ్ళెవరూ పలక వంక చూడలేదు. అడగలేదు. అడిగితే కాదనడం తేలికయ్యేది.

అప్పుడు లోపలి ముగ్గురూ లేచారు. ముందు ఆశగాడు. "ఒక్క సందే మిగిలింది. ఇవాళ పోతే ఇక లేదు. పిల్లలా లేరు. పేరు కూడా లేకపోతే నువ్వు పుట్టావనడానికి గుర్తేది?" తర్వాత కోపిగాడు. "వీళ్ళని ఈ వానలో ఎవడు బయల్దేరమన్నాడు? నిన్న రాకూడదా?" ఆఖర్న మబ్బుగాడు. "నువ్వేమీ చూడలేదు. అలా నిలబడు. ఏదో ఒకటి అదే అవుతుంది."

పైన ఉలి గరగరమంది. చందిలి ఒక అడుగు ముందుకేశాడు. మెడలో గంట గణమంది.

ఆ చప్పుడుకి ఉలిక్కిపడింది మబ్బుగాడు కాదు, చందిలే. గంట తన మెడలో ఉంది మరి. ముగ్గురూ ఎటు పోవాలో చెప్పాల్సింది తనే.

"భంతే," అన్నాడు, "ఒక చెయ్యి వెయ్యండి. ఇది కాస్త బరువు."

అందరూ తలో చెయ్యీ వేశారు. పలక దించారు. ఇవతలి గట్టునుంచి అవతలి గట్టుకి అడ్డంగా వేశారు. విరిగిన మూల అవతలి బండ పక్కన వాలి, కొలిచి చేసినట్టు ఇమిడిపోయింది. చందిలి ఎక్కి గెంతి చూశాడు. కదల్లేదు. గండి మధ్యలో నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ పైకి చాపి నిలబడ్డాడు, జారితే పట్టుకుందామని.

నడుం వంగిన భిక్షుణి ముందు దాటింది. పలక మీద ఆగి, వంగిన నడుం ఇంకొంచెం వంచి అడిగింది. "ఈ రాయి ఎవరిచ్చారు నాయనా?"

ఇన్నాళ్ళూ ఈ ఒక్క ప్రశ్న కోసమే కదా చందిలి కాచుకుని ఉన్నది! పేరు నాలుక చివరికి వచ్చింది. ఎర్రనీళ్ళు మోకాళ్ళ దగ్గర ఉరుకుతున్నాయి. పైన చూస్తే ఆశగాడు వానలో తడుస్తూ నిలబడ్డాడు, వీపు మీద పలక ఒరిసిన చార.

"మొదటి మలుపు దాకా ఆశగాడు మోశాడమ్మా" అన్నాడు.

"ఆశగాడు సుఖంగా ఉండుగాక" అని ఆవిడ దాటిపోయింది.

రెండోవాడు చూపు సరిగా ఆనని ముసలి భిక్షువు. "ఎవరిది నాయనా ఈ పుణ్యం?"

"రెండో మలుపు దాకా కోపిగాడు మోశాడయ్యా."

"కోపిగాడు సుఖంగా ఉండుగాక."

పుట్టి బుద్ధెరిగాక కోపిగాడిని ఎవరూ దీవించలేదు. వాడికి ఏం చెయ్యాలో తోచక, ఎత్తిన కాలు అలాగే ఉంచుకున్నాడు.

మూడోవాడు బొజ్జ భిక్షువు. దాటాక ఊపిరి తీసుకుని అడిగాడు. "ఈ రాయి తెచ్చిందెవరు?"

"ఇక్కడిదాకా మబ్బుగాడు మోశాడు."

"మబ్బుగాడు సుఖంగా ఉండుగాక."

అందరూ దాటారు. ఆఖర్న సాగలుడు. ఆయనకి అన్నీ తెలుసు. తెలిసీ, పలక నడిమధ్యన ఆగి, కళ్ళు చిలిపిగా పెట్టి అడిగాడు. "సరే. గాడిదలు మోశాయి. గాడిదల్ని ఎవరు నడిపించారు?"

చందిలి తల పైకెత్తాడు. మొహం నిండా వాన. నోరు తెరిచాడు. ఒక్క మాట. మూడే అక్షరాలు. చెబితే తప్పేం కాదు, అబద్ధమూ కాదు.

"సామక్క" అన్నాడు. "నా పెళ్ళాం. ఇరవై ఏళ్ళనుంచి దాని సంకటి తిని నడుస్తున్నాను. దాని పేరు ఎక్కడా చెక్కలేదు భంతే. అడగాలని దానికీ తోచలేదు, నాకూ తోచలేదు."

సాగలుడు వంగి చెయ్యి అందించి అతన్ని పైకి లాగాడు. "సామక్క సుఖంగా ఉండుగాక" అన్నాడు.

పొద్దుగూకేలోపు ఎరపోతు ప్రాకారంలో సందు ఇటుకతో పూడ్చేశాడు. పూడ్చి, మనసాగక ఉలి పట్టుకుని మూడో మలుపుకి దిగొచ్చాడు.

"పోనీ అన్నా, దారికి మెట్టైన ఈ పలక మీదే నీ పేరు చెక్కేస్తా."

"వద్దన్నా" అన్నాడు చందిలి. "అక్షరాలు తొక్కకూడదని మనవాళ్ళు చిన్నప్పటినుంచీ చెబుతారా లేదా? నువ్వు పేరు చెక్కితే జనం మొహమాటపడి దాని మీద కాలు పెట్టరు. ఎగిరి దూకుతారు. జారి గండిలో పడతారు. నా పేరు చెప్పుకుని కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. అవసరమా?"

ఎరపోతు తమలపాకు ఉమ్మేశాడు. జీవితంలో మొదటిసారి చెక్కకుండా ఉలి వెనక్కి పట్టుకుపోయాడు.

చందిలి ఇంటికి చేరేసరికి సంగతి అతని కంటే ముందే చేరింది. సామక్క కంచం పెట్టింది.

"నా పేరు చెప్పావంట."

"చెప్పా."

"అంతమంది పెద్దల ముందరా?"

"ఆఁ."

"నా మొహం. గాడిదల వరసలో చెప్పావంట. నాలుగోది నేనన్నమాట." గరిటెతో ఇంకో ముద్ద వేసింది. ఆ తర్వాత ఇంకో ముద్ద. "తిను. చల్లారిపోతోంది."

ఆ మూడు నెలలూ గుట్ట మీద భిక్షువులు కూచున్నారు. వాసం అయ్యాక దిగి వెళుతూ, నడుం వంగిన భిక్షుణి ఆ మెట్టు మీద ఆగింది. కిందటిసారి తనని అక్కడిదాకా చెయ్యి పట్టుకుని నడిపించిన చిన్న భిక్షుణి పేరు పైకి చెప్పి, సుఖంగా ఉండుగాక అని, అప్పుడు దాటింది. ఆవిడ వెనక చూపానని ముసలాయన, తనకి అక్షరాలు చదివి వినిపించే శిష్యుడి పేరు చెప్పాడు. ఆయన వెనక బొజ్జ భిక్షువు, తన పాత్రలో రోజూ ఒక గరిటె ఎక్కువ వేసే ముగిలమ్మ పేరు చెప్పాడు. అలా మొదలైంది.

తర్వాత చాలా కాలం గడిచింది. సాగలుడు పోయాడు. ఆశగాడు, కోపిగాడు, మబ్బుగాడు పోయారు. చందిలి పోయాడు. అతను పోయిన మూడో రోజు సామక్క గుట్టెక్కి ఆ మెట్టు మీద కాసేపు కూచుని వచ్చిందట. ఏం పేరు చెప్పిందో ఎవరూ అడగలేదు. ఆ తర్వాత రాజులు పోయారు. స్తూపం పగిలింది. ప్రాకారం పలకలు కొన్ని ఏట్లో పడ్డాయి, కొన్ని వానకి అరిగిపోయాయి. బూదన పేరులో బూ మిగిలింది. సంకడి పేరులో అదీ మిగల్లేదు. ఏదీ నిలవదని సాగలుడు చెప్పిన మాటకి ఆ రాళ్ళే సాక్ష్యం.

మెట్టు మాత్రం ఉంది. ఏమీ రాసి లేదు గనక అరగడానికేమీ లేదు.

ఇప్పటికీ ఉలిగుట్ట ఎక్కేవాళ్ళు మూడో మలుపు దగ్గర ఆగుతారు. ఆ మెట్టు మీద కాలు పెట్టేముందు ఒక పేరు పైకి చెప్పాలి. ఎవరి పేరైనా చెప్పొచ్చు, తన పేరు తప్ప. తన బరువు మోసినవాళ్ళ పేరై ఉండాలి. కొత్త పెళ్ళికూతురు తన జడ వేసిన పిన్ని పేరు చెబుతుంది. బడిపిల్లలు వంటమనిషి పేరు గట్టిగా అరుస్తారు. ఒకాయనైతే ఏటా వచ్చి తన ఎద్దు పేరు చెప్పి కళ్ళు తుడుచుకుని పోతాడు. చెప్పాక వెనకున్నవాళ్ళు "సుఖంగా ఉండుగాక" అనాలి. అప్పుడు దాటాలి.

కొందరుంటారు. ఎంత తల గోక్కున్నా తమ బరువు ఎప్పుడైనా ఎవరైనా మోసినట్టు గుర్తుకురాదు వాళ్ళకి. అలాంటివాళ్ళు "చందిలి" అని దాటాలని అక్కడి కట్టుబాటు.

ఆ గుట్ట మీద రోజు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ వినిపించే పేరు అదే.